బొంతలో కుట్టని ముక్క

ఆదివారం చర్చి గంట మోగే వేళకి అమ్మాయమ్మ కంచరగాడిదల కొట్టంలో లద్దె ఎత్తుతూ ఉండేది. ఆ చాకిరీకి కూలీ లేదు. సముద్రాల అవతలి దీవిలో, లాల్మతీ అనే ఊరి దగ్గరి ఆ చెరకు ఎస్టేటులో దాన్ని కొర్వే అనేవారు. రానివాళ్ళకి వారం కూలీలోనే కోత పెట్టేవాడు, కూలీల మీద పెత్తనం చేసే సర్దారు. పని ముగించి, ఒళ్ళు కడుక్కుని ఆమె చర్చికి వెళ్ళేసరికి ఖాళీ బల్లలు మిగిలేవి. వాటి మధ్య కాసేపు కూర్చుని వచ్చేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. సంఘ పెద్దలు దాన్ని ఓర్పు అని మెచ్చుకున్నారు. అది ఓర్పు కాదు, గతిలేనితనం.

ఆమె తల్లిదండ్రులు కోరంగి రేవులో ఓడెక్కి కూలికి వచ్చినవాళ్ళు. బాప్తిస్మంలో పాదిరి మోనిక్ అని పేరు పెట్టాడు గానీ, ఆ పేరుతో పిలిచింది ఆయనొక్కడే. అమ్మాయమ్మకి అక్షరం రాదు. దేవుడు చేసిన మేళ్ళు మరిచిపోకూడదని బొంత కుట్టుకుంది. పద్దెనిమిది వందల తొంభైరెండు గాలివానలో కూలీలు ఉండే కాంపు కప్పులన్నీ లేచిపోయినా ఇంటిల్లిపాదీ ప్రాణాలతో మిగిలారు. అందుకు తలుపుకి కట్టిన గోనెపట్టా ముక్క. భర్త నరసయ్య ఆసుపత్రి నుంచి తన కాళ్ళ మీద నడిచొచ్చాడు. అందుకు అతని చొక్కా చెయ్యి. బియ్యం నిండుకున్న రోజు ఆఫ్రికా సంతతి క్రియోల్ మనిషి మార్సెల్, మానియాక్ అనే కర్రపెండలం దుంపలు మూట కట్టి గడపలో పెట్టి పోయాడు. అందుకు ఆ మూట గుడ్డ. పొద్దున్నే ఒక్కో ముక్కని వేళ్ళతో తడుముతూ స్తోత్రం చెప్పుకునేది.

ఒక్క ముక్క మాత్రం బొంతలో చేరలేదు. కూతురు జోసెలిన్ పసుపు గౌనుది. చెక్కపెట్టెలో అడుగున ఉండేది.

ఒక ఆదివారం ఆ పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. నరసయ్య అప్పటికే చనిపోయాడు. ఇంట్లో మరో మనిషి లేదు. అమ్మాయమ్మ సర్దారు కాళ్ళ మీద పడింది.

"పిల్లకి జొరమైతే పిల్ల పడుకుంటాది. నీకేటి జొరం? పద," అన్నాడు.

పోయింది. పని నుంచి తిరిగొచ్చేసరికి బిడ్డ చల్లబడి ఉంది.

అప్పట్నించీ కొట్టంలో పార నేలకి తగిలినప్పుడల్లా, "అమ్మా, దాహం" అని వినబడేది. వెనక్కి తిరిగితే గాడిదలు. కొన్నాళ్ళకి ఆ పిలుపు ఇంట్లోకీ వచ్చింది.  బిడ్డకని ఒక చెంబు నింపి గోడ వారగా పెడితే గానీ తను నీళ్ళు తాగేది కాదు.

పక్కింటి వెంకమ్మ ఇదంతా చూసేది. ఆమె విధవ, రామభజన చేసుకునే మనిషి. బొంతని ముట్టుకునేది కాదు. "సచ్చినోళ్ళ గుడ్డలు కప్పుకుని పడుకుంటావు. భయమేనేదేటే నీకు?" అని దెప్పేది.

ఒకసారి చర్చిలో బోధించే ఉపదేశి గోపాలం అమ్మాయమ్మ ఇంటికి వచ్చాడు. కృతజ్ఞత కూటానికి బొంత తెచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. తెరిచిన పెట్టెలో పసుపు ముక్క చూశాడు.

"ఇదీ కుట్టెయ్యి అమ్మాయమ్మా. ఆ రోజు కూడా దేవుడు నమ్మదగినవాడే కదా."

"ఆ రోజు ఏం చేశాడో చెప్పండి అయ్యగారూ, కుడతాను."

"బిడ్డని తన దగ్గరికి తీసుకున్నాడు."

"తీసుకున్నాడు, సరే. దానికి ముందు గుక్కెడు నీళ్ళు ఎవరు పోశారు? నా బిడ్డ ఇప్పటికీ అడుగుతానే ఉంది. తెలీకుండా కుడితే అది అబద్ధం. ఒక్కటి అబద్ధమైతే మిగతావాటిని నేనెలా నమ్మేది?"

 అమ్మాయమ్మ కత్తి తీసి బొంత అంచు కుట్లు కొయ్యడం మొదలుపెట్టింది. గోనెపట్టా ముక్క ఊడి కింద పడింది. పెరట్లో బట్టలుతుకుతూ ఈ మాటలన్నీ వింటున్న వెంకమ్మ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆపే! నీళ్ళు నాను పోసినాను."

అమ్మాయమ్మ కత్తి కింద పెట్టింది.

"గడ్డికోతలోంచి తప్పించుకుని వచ్చినాను. నీ గుమ్మం ముందు నుంచి పోతంటే పిల్ల పిలుస్తంది, ఇడిసి ఎలాగ పోతాను? చెంబుతో పట్టినాను, తాగింది. 'పెద్దమ్మా, అమ్మ వచ్చీసిందా?' అంది. వస్తాదమ్మా అన్నాను. నా ఒళ్ళోనే పోయింది. సాప మీద పడుకోబెట్టి, ఎవులూ సూడకుండా ఎల్లిపోనాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం అప్పా?"

"నా చేతి నీళ్ళు తాగి పోయిందంటే, చిల్లంగి పెట్టిందనరా? మొగుడు నేనిదాన్ని. కాంపులోంచి తరిమెయ్యరా?"

"నువ్వా చిల్లంగి?" అమ్మాయమ్మ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "నీ కోడిపిల్లే నీ మాట వినదు కదప్పా!"

అమ్మాయమ్మ, వెంకమ్మ చేతే ఆమె చీర చెంగు కొస చింపించుకుంది. దాన్నీ పసుపు ముక్కనీ జతచేసి, గోనెపట్టా ముక్కతో పాటు ఊడదీసిన చోటే కుట్టింది. ఇంకెప్పుడూ ఆమెకి దాహం అన్న పిలుపు వినబడలేదు. దాని బదులు కొట్టంలో, ఇంట్లో, చివరికి చర్చిలో కూడా, "అమ్మ వచ్చీసిందా?" అని వినబడుతూనే ఉండేది. తను చనిపోయేదాకా అది వదల్లేదు.

కూటంలో ఆమె చెప్పిన సాక్ష్యం చిన్నది. "ఆ రోజు దేవుడు వెంకమ్మప్ప చెయ్యి పట్టుకుని నా ఇంటికి వచ్చాడు. నన్నే సర్దారు రానివ్వలేదు." ఎస్టేటు దొర ఇచ్చిన కలపతో కట్టిన చర్చి అది. పెద్దలు తల దించుకున్నారు. 

ఇది చదివే విశ్వాసులారా, కొర్వే ఇంకా పోలేదు. వచ్చే ఆదివారం కూడా ఏదో కాంపులో ఒక తల్లి జ్వరం బిడ్డని వదిలి పనికి పోతుంది. దేవుడు మీకు చేసిన మేళ్ళు రాసుకోండి, మంచిదే. రాయడంతో ఆగకండి. ఆరాధన కాగానే, ఆ బట్టలతోనే, అందరూ కలిసి ఎస్టేటు ఆఫీసుకి నడవండి. జబ్బు బిడ్డ ఉన్న తల్లిని పిలవకూడదని అడగండి. కాదంటే మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళండి. వాళ్ళు ఒప్పుకునేదాకా, ఆ తల్లి చేతిలోని పార మీరు తీసుకుని, ఆమెని ఇంటికి పంపండి.