గోడవైపు తిప్పిన ప్లేటు

మార్చి నెలాఖరు. మధ్యాహ్నం మూడింటికి మా ట్రక్కు సరిహద్దు అవతలి అడవుల్లో బాసగూడ దాటింది. పద్నాలుగు మందిమి. ఎండ మండిపోతోంది, ఎర్రదుమ్ము పళ్లమధ్య కరకరమంటోంది. జగర్గుండా వెళ్లే రోడ్డు పక్కన మా క్యాంపు: ఇసుక మూటలు, ముళ్లకంచె, నాలుగు రేకుల షెడ్లు, ఒక బోరింగు. రోడ్డు వేసేవాళ్లకు కాపలా కాయడం మా డ్యూటీ. రేషనూ అంబులెన్సూ రావడానికే ఈ రోడ్డు అని మాకు చెప్పారు. ఇనుపరాయి లారీల కోసమని ఊళ్లవాళ్లు అనుకునేవారు. ఏది నిజమో అడిగే ఉద్యోగం కాదు నాది. నేను హవల్దారుని, స్టోరు ఇన్‌ఛార్జిని.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో పెట్టే సిరామిక్ ప్లేట్లు నా అధీనంలో ఉండేవి. మీ ఇంట్లో పింగాణీ కప్పుకి దూరపు చుట్టం అనుకోండి. ఉక్కుకన్నా గట్టిది, బరువు తక్కువ. తూటా వచ్చి తగిలితే దాని మొనను చిదిమేస్తుంది. ఆ పనిలో తానూ పగిలిపోతుంది. మిగిలిన ముక్కల్ని వెనకున్న నారపొర పట్టుకుంటుంది. చిక్కల్లా ఒకటే. ముందే ఎక్కడైనా బీటపడి ఉంటే ఆ చోట పని చేయదు. బీట పైకి కనపడదు, గుడ్డ తొడుగు ఉంటుంది కదా. పట్నంలో ఎక్స్‌రే తీసి చూస్తారట. మాకు అక్కడ ఎక్స్‌రే ఎక్కడిది!

నక్సలైట్లు రోడ్డు కింద పెట్టే మందుపాతరంటే అందరికీ భయం. ట్రక్కెక్కగానే జాకెట్లోంచి ప్లేటు తీసి కింద వేసుకుని కూర్చునేవారు. గతుకు పడ్డప్పుడల్లా మనిషి బరువంతా దానిమీదే. "ఛాతీ సంగతి తర్వాత సార్, ముందు కింద కాపాడుకోవాలి" అని రేడియో ఆపరేటర్ నవ్వేవాడు. "ఒరేయ్, అది పీట కాదురా!" అని నేను గొంతు చించుకునేవాణ్ణి. నేనూ కూర్చున్నాను. ముందు సీట్లో, ఎవరి కంటా పడకుండా.

మా వంటవాడు గొల్లపల్లి వైపు మనిషి. తెలుగు, గోండి, హిందీ మూడూ కలిపి వాగేవాడు. వాడి చేతి చారు తిని బతికాం ఆ ఎండాకాలం. మే నెలలో ఇద్దరం నీళ్లకుండల కోసం బాసగూడ బజారుకి వెళ్లాం. నేను కుండని ఎత్తి, వెలుతురులో తిప్పి చూస్తుంటే అమ్మే ఆవిడ విసుక్కుంది.

"సూస్తే ఏం దెలుస్తది సారూ? ఏలితో కొట్టు. మంచిదైతే ఖంగుమంటది. బీటవడ్డదైతే సప్పుడు సచ్చినట్టుంటది."

ఇక చూడాలి మావాణ్ణి. దారిపొడవునా హెల్మెట్లు కొట్టాడు, డబ్బాలు కొట్టాడు. "అన్నా, మన కమాండర్ సాబ్ తలకాయ గూడ ఓసారి కొట్టి సూద్దామా?" అన్నాడు.

ఆ సాయంత్రం స్టోర్లో తలుపు వేసుకుని ప్లేట్లన్నీ వరసగా పెట్టి వేలి కణుపుతో కొట్టాను. పదిహేను. పద్నాలుగు మోగాయి. ఒకటి మాత్రం కింద ఎడమ మూల దగ్గర చచ్చిన చప్పుడు చేసింది. ఎవరిదో నంబరు చూడ్డానికి వెనక్కి తిప్పాను. నా నంబరు.

కమాండర్‌కి చెప్పాలి. దానిమీద పెయింటుతో పెద్ద గుర్తు పెట్టాలి. పెట్టలేదు. అందరినీ తిట్టినవాణ్ణి నేనే కదా. ఉన్న ఒక్క స్పేరు ప్లేటు నా జాకెట్లో దూర్చుకుని, బీటపడ్డదాన్ని తలుపు పక్కన గోడవైపు తిప్పి పెట్టాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. సిగ్గు. వేరే కారణమేమీ లేదు.

మూడోరోజు తెల్లవారుజామున ఐదూ పదికి ఆర్డరొచ్చింది. జగర్గుండా వైపు ఏడో కిలోమీటరు దాకా రోడ్డు తనిఖీ. ఒక జవానుకి మలేరియా. అతని బదులు వంటవాణ్ణి వెళ్లమన్నారు. నేను బ్యాటరీలు పంచుతున్నాను.

"అన్నా, జాకెట్ ఏదీ నాకు?"

"జ్వరం వచ్చినోడిది తీసుకోరా!" అన్నాను, తలెత్తకుండానే.

జాకెట్ తీసుకున్నాడు. దాంట్లో ప్లేటు లేదు. ముందురోజు ట్రక్కులో దానిమీద కూర్చున్న ఆ మలేరియా జవాను దాన్ని బెంచీమీదే వదిలేశాడు. వంటవాడు స్టోర్లోకి వెళ్లి తలుపు పక్కన చేతికందిన ప్లేటు తెచ్చుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఐదూ నలభైకి ట్రక్కు కదిలింది.

ఏడూ ఇరవై ఐదుకి క్యాంపులో రేడియో మోగింది.

"కాల్పులు. ఒకరికి తగిలింది. మన వంటవాడికి. ఓవర్."

"ఎక్కడ?"

"కింద, ఎడమవైపు. ప్లేటు మూల దగ్గర."

"ప్లేటు ఆపలేదా?"

"హెలికాప్టర్ పంపమనండి" అన్నాడు ఆపరేటర్. హెలికాప్టర్ తొమ్మిదీ పదికి దిగింది. అప్పటికే ప్రాణం పోయింది. జాకెట్ నా చేతికిచ్చారు. ప్లేటు తీసి వెనక చూశాను. నా నంబరు.

"అంత దగ్గర్నుంచి కొడితే ఏ ప్లేటైనా ఏం ఆపుతుంది?" అన్నాడు కమాండర్. జాకెట్ వైపు చూసి, "ప్లేటు బాగానే ఉందా?" అని అడిగాడు.

"బాగానే ఉండింది సాబ్" అన్నాను.

శవంతో పాటు గొల్లపల్లి వెళ్లాను. వాళ్లమ్మ ఏడవలేదు. నా జాకెట్‌ని చేత్తో తడిమి చూసింది. "గింత గట్టి అంగీ ఏసిన్రు గద సారూ, మరి ఏందైంది?" అని అడిగింది.

ఆ మరుసటేడు డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాను. మంచి ప్లేటయితే ఆపేదా? ఏమో, నాకు తెలియదు. తెలియకపోవడం నన్ను క్షమించదు. బజార్లో మా ఆవిడ కుండ కొట్టి చూస్తుంటే పక్కకి వెళ్లి నిలబడతాను. ఎందుకో ఆమెకి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇవాళ మీతో పాటే చదువుతుంది.

ఆ ఉదయం ట్రక్కు బయల్దేరే ముందు వంటవాడు దాని వెనక నిలబడి నాకేసి చూశాడు. నవ్వుతూ పిడికిలితో ఛాతీమీద రెండుసార్లు కొట్టుకున్నాడు. ఏదో అరిచాడు కూడా. ఇంజన్ హోరులో నాకు మాట వినపడలేదు, ఆ చప్పుడూ వినపడలేదు. ఏమడుగుతున్నాడో మాత్రం తెలుసు.

బాగుందని బొటనవేలు ఎత్తి చూపించాను.