విన్నవాళ్ల పేర్లు

1947 వానకాలం, ఒక గురువారం సాయంత్రం. సిద్దిపేట అంగట్లో బీరకాయలు ఏరుకుంటున్నాను. కూరలమ్మే మల్లవ్వ తూకం పట్టుకుని, "పంతులమ్మా, లెవీ గల్లాకు రసీదియ్యకుంటే గింజ కూడ కొల్వొద్దని మీ పుస్తకంల ఉన్నది గద" అంది. నా చేతిలోని బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. అలాంటి మాట మా పుస్తకాల్లో ఉందని నాకు తెలియదు.

"ఎవరు చెప్పిన్రు మల్లవ్వా?"

"చెప్పుడేంది, చెవులార విన్న. మా పక్కింటి లక్ష్మి చదివింది. నిన్న పట్వారినే అడిగిన. ఏ పుస్తకమో చూపెట్టుమన్నడు, బడిదని చెప్పిన." ఇంకో కాయ తూకంలో వేసి నవ్వింది. "మొకం జూడాలె ఆయనది. ఎండిన కాకరకాయ లెక్కయింది."

లెవీ గల్లా అంటే పంటలో నిజాం సర్కారుకు తప్పక కొలవవలసిన ధాన్యం, పట్వారి అంటే ఆ లెక్కలు రాసే ఊరి కరణం. ఆ రోజుల్లో దాని గురించి ప్రశ్నించిన వాళ్ల ఇంటికి పోలీసులు రావడానికి వేరే కారణం అక్కర్లేదు.

నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మావారి కొలువు వేరే ఊళ్లో. నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ ఇక్కడ ఉండేవాళ్లం. బడిలో పై తరగతుల చదువు ఉర్దూలో సాగేది. పిల్లలు ఇంటి దగ్గర సొంతంగా చదువుకోవడానికి తెలుగు పుస్తకాలు ఒక ఇనుప పెట్టెలో ఉంచాను. శుక్రవారం సెలవు కనుక గురువారం పంచేదాన్ని. కథల పుస్తకాలు కొనలేదు. కథలు వాళ్ల ఇళ్లలోనే కావలసినన్ని ఉన్నాయి. ఒక మంత్రసాని అనుభవాలు, ఓడ మీద పనిచేసినవాని యాత్ర, తేనెటీగల పెంపకం, ఇలాంటి జరిగిన సంగతుల పుస్తకాలు ఏరి తెచ్చేదాన్ని.

ఏరడానికి నాదొక పద్ధతి ఉండేది. మొదటి ఇరవై పేజీలు, చివరి అధ్యాయం, మధ్యలో తెరుచుకున్న చోట ఒక పేజీ చదివేదాన్ని. ఒళ్లో చిన్నవాణ్ణి పెట్టుకుని అంతకన్న చదవడం కుదరలేదు. జైలుకు పోయిన ఒక బడిపంతులు స్వీయచరిత్రను అలాగే ఎంచుకున్నాను. మొదట్లో ఆయన బాల్యం, చివర్లో తోటి ఖైదీలకు అక్షరాలు దిద్దించడం. బాగుంది అనుకున్నాను. పెద్ద పుస్తకమని ఆరో తరగతి లక్ష్మికి రెండు వారాలు గడువిచ్చాను.

ఇంకొక అలవాటు కూడా నాదే. పిల్లలు ఇంట్లో పైకి చదివితే అక్షరాలు రాని ఆడవాళ్లు చుట్టూ చేరి వింటారు. అందుకని ప్రతి పుస్తకం చివరి ఖాళీ కాగితం మీద చదివినవాళ్ల పేరు, కింద విన్నవాళ్ల పేర్లు రాయించేదాన్ని.

అంగడి నుంచి నేరుగా లక్ష్మి వాళ్ల ఇంటికి పోయాను. బట్టలు నేసే సాలోళ్ల ఇల్లు. ఆమె నాయనమ్మ నర్సవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పుస్తకం తెరిచి చూస్తే లెవీ సంగతి సరిగ్గా మధ్య అధ్యాయంలో ఉంది. చివరి కాగితం మీద లక్ష్మి గుండ్రని దస్తూరీలో పదకొండు పేర్లు.

"ఈ కాయితం చింపాలె అవ్వా," అన్నాను. "ముచ్చట పట్వారి దాక పోయింది. ఈ పేర్లు చూస్తే ఇంటింటికి వస్తరు."

రాట్నం ఆగింది. "అండ్ల నా పేరేది?"

లక్ష్మి వేలు పెట్టి చూపించింది.

"నూలు ఇచ్చే కార్డుల నా కొడుకు పేరున్నది. ఇంటి కాయితంల మా ఆయన పేరున్నది. నా పేరు గీ ఒక్క జాగలనే ఉన్నది. రాయమన్నది నువ్వే, చింపుతా అనేది నువ్వే."

"భయమైతలేదా?" అని అడిగాను.

"ఎందుకు కాదు? నా ఇంట్ల పిల్లలు లేరా? నీకూ ఇద్దరాయె." దారం తెగకుండా పక్కకు తీసి పెట్టింది. "చింపు. కని పొయ్యిల పెట్టకు. నాకియ్యి."

చింపి ఇచ్చాను. నాలుగు మడతలు వేసి వక్కల సంచిలో దోపుకుంది.

మల్లవ్వకు కూడా చెప్పాను, పట్వారి మళ్లీ అడిగితే చదివిన పిల్ల పేరు గుర్తులేదని అనమని. "నా పేరే గుర్తుండది నాకు" అంది.

మర్నాడు సెలవు. లక్ష్మి దగ్గర నుంచి వెంట తెచ్చుకున్న పుస్తకం మొదటినుంచి చివరిదాకా అప్పుడు చదివాను. మధ్య అధ్యాయం ముందే చదివి ఉంటే పిల్లలకు ఇచ్చేదాన్ని కాదు. అన్నిటికన్న మంచి అధ్యాయం అదే.

శనివారం బళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మర్యాదస్తుడు, ఉర్దూలోనే మాట్లాడాడు. ఇష్యూ రిజిస్టర్ అడిగాడు. అంటే ఏ పుస్తకం ఎవరికి ఇచ్చామో రాసే పుస్తకం. అందులో లక్ష్మి పేరును బ్లేడుతో గీకి నా పేరు రాసి ఉంచాను. గీకినచోట కాగితం పలచబడి తెలుస్తూనే ఉంది. ఆయన వేలు అక్కడే ఆగింది.

"ఈ పుస్తకం ఎవరు చదివారు?"

"నేను."

"మొత్తం?"

"మొత్తం చదివాను సాబ్."

వెనక అట్ట తెరిచి, చిరిగిన అంచును గోటితో తడిమాడు. "ఈ కాగితం?"

"ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మా అబ్బాయి చింపాడు."

పుస్తకం సంచిలో పెట్టుకుని, పెట్టెకు తాళం వేయించి, "అవసరమైతే అమీన్ మీ ఇంటికి వచ్చి విచారిస్తాడు" అని వెళ్లిపోయాడు. అమీన్ అంటే పోలీసు అధికారి.

విచారణ జరగలేదు. ఎందుకు జరగలేదో ఇప్పటికీ తెలియదు. పుస్తకం తిరిగి రాలేదు. ఏడాది గడిచి నిజాం సర్కారు పోయాక పెట్టె తెరిచాను. ఇప్పుడు చివరి పేజీ దాకా చదవని పుస్తకం ఏ పిల్ల చేతికీ ఇవ్వను. పిల్ల చేతికిచ్చిన పుస్తకం ఆ పిల్ల దగ్గరే ఆగదని, వీధంతా తిరిగి వస్తుందని ఆ వారం తెలిసింది. పేర్లు రాయించడం మానేద్దామనుకున్నాను. నర్సవ్వ ఒప్పుకోలేదు.

ఇవేవీ తనిఖీ జరిగిన మర్నాడు, ఆదివారం పొద్దున, నాకు తెలియవు. బడికి బయల్దేరే ముందు పిల్లలిద్దరినీ గడప లోపల కూర్చోబెట్టాను. ఎవరన్నా వచ్చి పుస్తకంలో కాయితం ఎవరు చింపిన్రని అడిగితే, తమ్ముడు చింపిండని చెప్పాలె అన్నాను.

అయిదేళ్ల శారద తమ్ముని వైపు చూసింది. "వాడు చింపలేదు గదమ్మా?"

"లేదు బిడ్డా, నేను చింపిన. కని వానికి మూడేండ్లే. వాన్ని ఎవరూ పట్టుకపోరు."