రాజు ఏ గడిలో ఉన్నాడు?

మొన్న మధ్యాహ్నం ఫోన్‌లో చదరంగం చూస్తుంటే నాలుగైదు పావులే మిగిలిన ఆట ఒకటి కనిపించింది. గెలుపా, డ్రానా అని నొక్కాను. వేలు తీసేలోపే జవాబు వచ్చేసింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఇలాంటి జవాబు కోసమే తెనాలిలో మా పెదనాన్న ఒక పూటంతా నన్ను కాల్చుకు తిన్నారు.

ఎనభైల్లో బాపట్ల పోటీలో ఆయనకీ రేపల్లె మాస్టారికీ ఆఖరి ఆట పడింది. మాస్టారు బళ్లో లెక్కలు చెప్పేవారు, పెదనాన్నకి ప్రాణస్నేహితులు. చివరికి పెదనాన్నకి రాజు, ఏనుగు, ఒక బంటు. మాస్టారికి రాజు, ఏనుగు మిగిలాయి. పొద్దు వాలిపోతోంది. "తెనాల్లో రేపల్లె బండి తప్పిపోద్దండి, డ్రా అనుకుందామా?" అన్నారు మాస్టారు. పెదనాన్న పెద్దమనసుతో సరేనన్నారు. ఆ పెద్దమనసు స్టేషను దాకా కూడా నిలవలేదు. "గెలిచే ఆట వదిలేశాను" అని అప్పుడు మొదలెట్టిన మాటని పెళ్లిళ్లలో, దినాల్లో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా చెప్పారు. ఏళ్ల తరబడి విన్న మాస్టారు ఒక ఆదివారం "అందులో గెలుపెక్కడుందండీ?" అని లేచి వెళ్లి, మళ్లీ మా గడప తొక్కలేదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చే ఆయన కోసం పెసరట్లు వేసే పెద్దమ్మ పిండి రుబ్బడమే మానేసింది. పెదనాన్న చదరంగం పెట్టె తియ్యడం మానేశారు. నోరు మాత్రం మూయలేదు.

తొంభైల చివర నేను తెనాలిలోనే కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. అప్పట్లో చదరంగం ప్రోగ్రాములకి తోడుగా ముగింపు పట్టికలని సీడీల్లో దొరికేవి. బోర్డు మీద రాజులతో కలిపి ఐదు పావుల దాకా మిగిలితే, అది గెలుపో డ్రానో ముందే లెక్కకట్టి పెట్టినవి. ఈ సంగతి ఇంట్లో నోరు జారానో లేదో, మెషీన్ తేల్చేస్తుంది రమ్మని పెదనాన్న రేపల్లెకి కబురు పెట్టారు. మాస్టారు వచ్చారు, మా కంప్యూటర్ సెంటర్‌కి. ఇంటికి కాదు. పెదనాన్న గుర్తు చేసుకుని చెప్పిన గడుల్లోనే తెర మీద పావులు పేర్చాను.

ఆ పట్టికల్ని వాడటానికి ఒక పద్ధతుంది. మెషీన్‌కి తోచిన ప్రతి ఎత్తుకీ సీడీలో వెతకమంటే ఆలోచన ముందుకు సాగదు. మనకి కావలసిన పట్టికని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని, ఎదురుగా ఉన్న స్థితి ఒక్కటీ అడగాలి. పెదనాన్న వింటేగా! "ప్రతిదానికీ చూసుకుంటేనే గట్టిగా చెప్పుద్ది. అన్నీ పెట్టు" అన్నారు. పెట్టాను. సీడీ గరగరా తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. తెర కదలదు. ఆపబోతే "ఆలోచిస్తంది, కదిలించకు" అని నా చెయ్యి పట్టుకున్నారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "అచ్చం మీలాగే ఉందండి. ఎత్తు వెయ్యదు, చప్పుడు మాత్రం చేస్తది" అన్నారు. అంతలో కరెంటు పోయి నన్ను కాపాడింది. వచ్చాక ఎవర్నీ అడక్కుండా నా పద్ధతిలో నేను చేశాను. టక్కున జవాబు: డ్రా.

పెదనాన్న మొహం చూడలేకపోయాను. విచిత్రం, మాస్టారే అడ్డం పడ్డారు. "తప్పండి. మీ రాజు ఆ గడిలో లేడు, ఒక గడి ముందున్నాడు. నాకు బాగా గుర్తు." జరిపి అడిగాను. పెదనాన్నకి గెలుపు. హమ్మయ్య, తెగింది అనుకున్నాను.

"నా రాజు ఎక్కడున్నాడో నాకు తెలీదా మాస్టారూ? వెనక గడే!" అని పెదనాన్న బల్ల గుద్దారు.

గెలిచానన్న ఆయన డ్రా అయ్యే గడి కోసం, డ్రా అన్న ఈయన తనే ఓడిపోయే గడి కోసం దెబ్బలాట! ఒకరి వాదన ఒకరు నెత్తికెత్తుకున్నారని నేను అరిస్తే, ఇద్దరూ కలిసి "నువ్వక్కడ ఉన్నావా ఏంటి? ఊరుకో అమ్మాయ్" అని నన్నే కసిరారు.

బోర్డు మీద తేల్చుకుందామని దారంతా వాదించుకుంటూ ఇంటికి నడిచారు. పెదనాన్న పెట్టె తీశారు. సాయంత్రం రేపల్లె బండి కూత వినిపించింది. ఈసారి డ్రా మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ లోపలికెళ్లి పెసలు నానబోసింది.

బతికినన్నాళ్లూ వాళ్లు ఆ గడి దగ్గర రాజీ పడలేదు, ఆదివారాలూ మానలేదు. ఏ గడిలో పెట్టి అడిగినా ఈ ఫోన్ ఇప్పుడు క్షణంలో చెప్పేస్తుంది. ఆ గడి ఏదో చెప్పాల్సిన ఇద్దర్నీ కాలం తీసుకుపోయింది. విసిగించేవాళ్లు లేని ఈ నిమ్మళం నాకేమీ బాగాలేదు.