ఐదేళ్ల టూరిస్టు

మత్రా బజారులో ఒక జత గాజుల్ని వీరబ్రహ్మం ఐదేళ్లపాటు బేరమాడాడు. కొనలేదు. కొనే ఉద్దేశమూ లేదు.

ఆయనది ప్రొద్దుటూరు. బంగారం పని. మత్రాలో ఒక సేఠ్ కొట్లో పరదా వెనక కూర్చుని తెగిన గొలుసులు అతికేవాడు, ఉంగరాలు వేలికి సరిచేసేవాడు. ఈ అరబ్బు దేశానికి వచ్చింది మాత్రం విజిట్ వీసా మీద. ఆ వీసాతో పని చేయకూడదు. అందుకే తనిఖీవాళ్లు వస్తున్నారని తెలియగానే ఊదుగొట్టం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పరదా దాటి ముందుకొచ్చి, "ఈ గాజులు ఎంత?" అనేవాడు. సేఠ్ ధర చెప్పేవాడు. "ఎక్కువ" అనేవాడు ఈయన. వాళ్లు వెళ్లేదాకా ఆ బేరం తెగేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చినాయనే జాలిపడి, "పాపం, కాస్త తగ్గించి ఇవ్వరాదా" అని సేఠ్‌ను కోప్పడ్డాడు. ఇది చెప్పేది నేను కాబట్టి సగమే నమ్మండి.

నేను ఇదే ఊళ్లో, ఘుబ్రాలో మా అబ్బాయి ఇంట్లో ఉంటాను. పొద్దున్నే కొడుకూ కోడలూ అల్ ఖువైర్‌లోని ఆఫీసులకు పోతారు, పిల్లలు స్కూలుకు. మిగిలేది నేనూ, ఏసీ చప్పుడూ. మా ఆవిడ గొలుసుకు కొక్కెం విరిగింది. ఆవిడ లేదు, గొలుసు ఉంది. అతికిద్దామని బస్సెక్కి మత్రా వెళితే పరదా వెనక నుంచి తెలుగు వినబడింది: "ఈ కొక్కెం మన పక్క పనే సార్!" ఆ తర్వాత ఏ గొలుసూ విరగకపోయినా వెళ్లేవాణ్ని.

వీసా గడువు అయిపోగానే వీరబ్రహ్మం దేశం దాటి, కొత్త వీసాతో తిరిగి వచ్చేవాడు. ప్రతిసారీ ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఆయనకు చెమటలే.

"ఇన్నిసార్లు వస్తాండావు, ఏం చూసినావని అడుగుతారు సార్. నేను చూసింది రూమూ, పరదా. మీరు కాన్వెంటులో చదివినోళ్లు. ఈడ చూడాల్సినవేందో చెప్పండి, బట్టీ పడతా."

నేనూ ఏమీ చూడలేదు. కానీ కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా స్వర్గాన్ని నిన్ననే చూసొచ్చినట్టు వర్ణించేది. ఆ విద్య నాకూ కొంత అబ్బింది.

"నిజ్వాలో శుక్రవారం మేకల సంత. కొనేవాడు కనబడితే చాలు, మేకలు ముందుకాళ్లు వంచి సలాం చేస్తాయి."

"నిజమా సార్?"

"ఈ కళ్లతో చూశాను."

తర్వాతిసారి ఆయన కౌంటర్ దగ్గర అదే అప్పజెప్పాడు. ఆఫీసరు నవ్వి స్టాంపు వేసి పంపాడట.

నవ్వించి గట్టెక్కడం ఎన్నాళ్లు? ఫోన్ సిమ్ము రూమ్‌మేటు జహీరుద్దీన్ పేరు మీద ఉండేది, రూమూ అతని పేరు మీదే. "ఈ దేశంలో నా పేరుతో ఏమీ లేదు సార్. ఒక్క బతాకా ఉంటే సాలు" అనేవాడు. రెసిడెంట్ కార్డును వాళ్లు అలాగే పిలుస్తారు. మధ్యలో ఒక చలికాలమంతా దగ్గాడు. ఆసుపత్రికి రమ్మంటే రాలేదు. "డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే ఏం చెప్పాల? టూరిస్టుకు ఇంత దగ్గేంది సార్?"

చివరికి సేఠ్ ఒప్పుకున్నాడు, పని వీసా తీస్తానన్నాడు. అందుకు ఇంటికి పోయి, మెడికల్ చేయించుకుని రావాలి. వీరబ్రహ్మం పనిముట్లు రేకుపెట్టెలో సర్ది సేఠ్ బల్ల కింద పెట్టాడు. "నెలలో వస్తా. కార్డు చేతికి రాగానే మొదటి శుక్రవారం నిజ్వా పోదాం సార్. మేకల్ని చూడాల."

మూడు వారాలకు ఫోన్ వచ్చింది.

"ఎక్స్‌రేలో మచ్చ ఉందంట సార్. అన్‌ఫిట్ అని రాసినారు. ఇంక వీసా రాదంట."

"మందులు వాడితే పోదా?"

"ఎప్పుడో మానిపోయిన మచ్చంట. మానినా పోదంట. ఐదేళ్లు దొంగ మాదిరి వస్తే ఎవురూ నా ఛాతీ చూడలేదు సార్. దొర మాదిరి వస్తామంటే చూసినారు."

జీవితంలో మొదటిసారి నా నోట్లోంచి ఒక్క అబద్ధం కూడా ఊడిపడలేదు.

"సార్, ఒకటి అడుగుతా. మేకలు సలాం చేస్తాయా?"

"నేను నిజ్వా వెళ్లనే లేదు, వీరబ్రహ్మం."

అటువైపు నవ్వు, వెంటనే దగ్గు. "నాకు తెలుసు. ఆ ఎయిర్‌పోర్టు ఆఫీసరుది నిజ్వానే అంట. 'మా ఇంట్లో పది మేకలుండాయి, ఒక్కటీ సలాం చెయ్యదే' అన్నాడు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు విన్నావయ్యా?"

"మీరు చెప్తాంటే బాగుండేది సార్. ఆడ నాతో అంతసేపు మాట్లాడేటోళ్లు ఎవురుండారు?"

నిన్న మత్రా వెళ్లాను. పరదా వెనక కొత్త మనిషి, తెలుగు రాదు. రేకుపెట్టె బల్ల కిందే ఉంది. గాజులూ అద్దం వెనక అక్కడే ఉన్నాయి.

"ఈ గాజులు ఎంత?" అన్నాను.

సేఠ్ ధర చెప్పాడు.

"ఎక్కువ."

సేఠ్ నావైపు చూశాడు, తలుపువైపు చూశాడు. తనిఖీవాళ్లెవరూ లేరు. అయినా కొంచెం తగ్గించి చెప్పాడు.

"అదీ ఎక్కువే" అన్నాను.