కెర్నల్‌కు నేనిచ్చిన మూడో జవాబు

తెలంగాణ బంద్‌తో మరమగ్గాల సాంచాలన్నీ ఆగిపోయి, వాటిని నడిపే నాన్న ఈ రోజు ఇంట్లోనే ఉన్నాడు. నేను కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం, లినక్స్ కెర్నల్‌ను సొంతంగా బిల్డ్ చేద్దామని కూర్చున్నాను. డిస్కు, కీబోర్డు లాంటివాటిని పనిచేయించే ఫలానా డ్రైవర్ కావాలా అని అది ఒక్కొక్కటే అడుగుతుంది. జవాబులు మూడే: అవును, కాదు, అవసరమైనప్పుడు చూద్దాం. మూడోది పెడితే డ్రైవర్ డిస్కులో ఉండి, పని పడ్డప్పుడే వస్తుంది. తెలివిగా అన్నిటికీ అదే పెట్టాను.

మూడు గంటలు బిల్డయ్యాక రీస్టార్ట్ చేస్తే సిస్టం లేవలేదు. డిస్కును తెరవాల్సిన డ్రైవర్ ఆ డిస్కు లోపలే ఉండిపోయింది!

సంగతంతా చెబితే నాన్న నవ్వాడు. "ఔనో కాదో చెప్పకుంటే అదెట్ల లేస్తది బిడ్డా? తెలంగాణ రాష్ట్రం ఎప్పుడొస్తదంటే మన లీడరు గిదే జవాబు చెప్తడు గదా!"

నా సిస్టం ఒక్కసారి కూడా లేవలేదు. ఆ లీడరు మాత్రం ఎన్నికల్లో మూడుసార్లు గెలిచాడు. ఏ డ్రైవర్ వాడుతున్నాడో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.