కంచె బయట కాఫీ

మేము కొండ మీది పోస్టుకు చేరింది వానలో. సరస్సు ఒడ్డున ఉన్న పట్నం నుంచి దూరం ఇరవై ఆరు కిలోమీటర్లు, పట్టిన సమయం నాలుగు గంటలు. దారంతా నల్లటి అగ్నిపర్వతపు రాయి, మధ్య మధ్య మోకాలి లోతు ఎర్ర బురద. కాంగో దేశం తూర్పు సరిహద్దు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో మా కంపెనీకి ఏడాది డ్యూటీ. నెత్తిన నీలి హెల్మెట్, ఒంటి మీద బరువైన జాకెట్, చేతిలో రైఫిల్. ఇసుక బస్తాల గోడ, మూడు టవర్లు, రేకుల బ్యారక్, చుట్టూ ముళ్ల తీగ. పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్ తడి బట్టలతోనే నిలబెట్టి ఆర్డర్లు చదివాడు. రోడ్డు తెరిచి ఉంచాలి. సాయుధ ముఠాలు ఊళ్ల మీద పడకుండా గస్తీ తిరగాలి. ఊరివాళ్ల ఇళ్లలోకి అడుగు పెట్టకూడదు.

పొద్దున టవర్ ఎక్కితే మంచు విడిపోయి కొండలు కనబడ్డాయి. కొండలన్నిటా కాఫీ చెట్లే, ఎర్రగా పండిన కాయలతో. కింద వంటశాలలో మా వంటవాడు డబ్బా పొడి వేడినీళ్లలో కలిపి ఇచ్చాడు. సముద్రాలు దాటి వచ్చిన పొడి. తాగితే కాలిన అట్టముక్క నానబెట్టిన నీళ్లలా ఉంది.

నాకు కాఫీ పిచ్చి. మా ఇల్లు ఏన్కూరు పక్కన, అడవి అంచున. మా తాత కృష్ణా వైపు నుంచి వచ్చి అక్కడ భూమి కొని మిరప వేశాడు. ఇంట్లో అందరూ టీ తాగేవాళ్లే. నాకు మాత్రం నీలగిరుల్లో ట్రైనింగ్ అప్పుడు ఫిల్టర్ కాఫీ అంటుకుంది, వదల్లేదు. రేషన్ బండితో పట్నం వెళ్లిన ప్రతిసారీ దుకాణాలన్నీ వెతికాను. అన్నింట్లోనూ అవే విదేశీ డబ్బాలు. ఇక్కడ పండిన గింజ ఏదని అడిగితే దుకాణం వాడు చేత్తో సరస్సు అవతలికి చూపించాడు. పండినదంతా పచ్చి గింజగానే పడవలెక్కి పోతుందట. పండించినవాళ్లలో చాలామందికి దాని రుచి తెలియదట.

మా రేడియో ఆపరేటర్ పాల్వంచ కుర్రాడు. థర్మల్ స్టేషన్ పక్క క్వార్టర్లలో పెరిగాడు. వాళ్ల నాన్న అక్కడ కాంట్రాక్టు కూలీ. పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నా అవస్థ చూసి వాడికి నవ్వు.

"చెట్ల నడుమ కూసొని డబ్బా పొడి తాగుతున్నం. ఇంటికాడ చెప్తే ఎవరన్న నమ్ముతరా అన్నా?"

మూడో నెలలో దొరికింది. మధ్యాహ్నం గస్తీ, ఎనిమిది మందిమి, సన్నగా వాన. వాగు దాటగానే ముక్కుకు తగిలింది. ఎవరో గింజ వేయిస్తున్నారు. కాళ్లు వాటంతటవే ఆగాయి. అదే సమయానికి రేడియో కరకరలాడింది, అవతల పాల్వంచ కుర్రాడు.

"పోస్ట్ నుంచి గస్తీకి. యాడున్నరు? ఏమన్న కదలిక ఉన్నదా?"

"వాగు దాటి రెండో మలుపు. కదలిక లేదు. కాఫీ వాసన ఉంది."

"సమజయింది. జర పైలం. నాకు గూడ పట్టుకరా. ఓవర్."

వెదురు కంచె, మట్టి గోడల ఇల్లు, ముంగిట చాపల మీద ఆరబోసిన గింజలు. యాభై ఏళ్ల ఆవిడ పెనం మీద వేయిస్తోంది. పేరు ఫురాహా. అక్కడ అమ్మను మామా అంటారు, అందుకని మామా ఫురాహా. ఆడమనిషిని మామా అని పిలవడానికి నాకు వారం పట్టింది. మా వెంట ఉండే దుబాసీ, అక్కడి మనిషే, సంగతి చెప్పాడు. ఆవిడ భర్త ఒకప్పుడు పెద్ద తోటలో కాఫీ వేయించే పని చేసేవాడు. ఇప్పుడు లేడు. ఆ పని ఈవిడకు తెలుసు. మేము అడిగితే తల ఊపింది. రోట్లో దంచి, అల్లం ముక్క వేసి కాచింది.

కంచె కర్రకు బోర్లించి ఉన్న రేకు కప్పు తీసి కంచె బయట రాయి మీద పెట్టింది. కెటిల్ ఎత్తి పట్టుకుని పైనుంచి పోసింది. కెటిల్ ముక్కు కప్పుకు తగల్లేదు. నేను తాగాను. అంత మంచి కాఫీ నేను నీలగిరుల్లోనూ తాగలేదు. కళ్లలో నీళ్లొచ్చాయంటే నమ్మండి. కప్పు ఇవ్వబోతే ఆవిడ చెయ్యి చాపలేదు. రాయి చూపించింది. పెట్టాను. బూడిద వేసి తోమి మళ్లీ కర్రకు తగిలించింది.

లోపల ఇంటివాళ్లు పింగాణీ కప్పుల్లో తాగుతున్నారు. గుమ్మంలోంచి కనబడింది.

ఆ రోజు పట్టించుకోలేదు. తర్వాత వారానికి రెండుసార్లు ఆ దారినే గస్తీ. నేను పంచదార తీసుకెళ్లాను, బిస్కెట్లు తీసుకెళ్లాను, కూలిన కంచె నిలబెట్టాను. నాలుగు ముక్కలు వాళ్ల భాష నేర్చుకున్నాను. ఆవిడ నవ్వేది, మా ఇంటి సంగతులు అడిగేది. కప్పు మాత్రం అదే. రాయి అదే. పోయడం అంత ఎత్తు నుంచే. ఇళ్లలోకి వెళ్లకూడదన్న ఆర్డర్ నాకు గుర్తుంది. అయినా ఒక్కసారి ఆవిడ లోపలికి రమ్మంటే చాలు, వెళ్లకపోయినా సరే అనిపించేది. రాన్రాను కాఫీ కంటే ఆ పిలుపు మీదే మనసు పోయింది. రోషం కూడా వచ్చింది. వీళ్లను కాపాడటానికి ఇంత దూరం వచ్చినవాణ్ని, నేనేం అంటరానివాణ్నా అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

దుబాసీని అడగమన్నాను. అతను అడగలేదు, తనే చెప్పాడు.

"ఇంతకుముందు కూడా యూనిఫాం వేసుకున్నవాళ్లు వచ్చారు సార్. వేరే యూనిఫాం. వాళ్లు లోపల కూర్చుని తాగారు. ఆవిడకు ఇద్దరు కూతుళ్లు ఉండేవాళ్లు. అప్పటి నుంచి యూనిఫాం వేసుకున్న ఎవరి చెయ్యి తగిలిన వస్తువూ ఆ గుమ్మం దాటదు."

తల వంచుకుని పోస్టుకు నడిచాను.

బంకర్లో రేడియో ఆపరేటర్‌కు చెప్పాను. వాడు హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు.

"మా నాయిన పాల్వంచకు రాకముందు మీ దిక్కే ఒక పటేల్ దగ్గర జీతం ఉన్నడన్నా. చాయ గట్లనే పోసేటోళ్లంట. గిలాస చూరుల చెక్కి ఉండేదంట. తాగి కడిగి మళ్ల చూరులనే పెట్టాలె."

మా పశువుల కొట్టం చూరు కళ్ల ముందు ఆడింది. అందులో చెక్కిన గ్లాసులు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవి అక్కడెందుకున్నాయని ఏ రోజూ అడగలేదు.

"ఆమెకైతె కారణం ఉన్నది," అన్నాడు వాడు. "మనకాడ ఏం కారణం?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. అప్పుడే రేడియో మోగింది, వాడు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా మామా ఫురాహా దగ్గర తాగాను. తాగాక కప్పు నేనే రాయి మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాణ్ని. ఆవిడ నన్ను లోపలికి పిలవలేదు. మేము వెళ్లిపోయే ముందు వేయించని గింజలు ఒక సంచీ ఇచ్చింది. అది కూడా రాయి మీదే పెట్టింది.

సెలవు మీద ఇంటికొచ్చేసరికి మిరప కోతలు. భద్రాచలం అవతలి అడవి ఊళ్ల నుంచి కూలీలు దిగారు. కళ్లంలో ఎర్రగా కాయలు, గాలిలో ఘాటు. ఊళ్లో చాలా మారింది. చూరులో గ్లాసులు లేవు. అమ్మ కూలీలకు కాగితం కప్పుల్లో టీ పోస్తోంది. ఇంట్లో వాళ్లకు స్టీలు గ్లాసులు.

"శుభ్రంగా ఉంటాయిరా. తాగి పారేస్తారు, కడిగే పని లేదు," అంది అమ్మ.

నేను గింజలు వేయించి, దంచి, కాఫీ కాచాను. స్టీలు గ్లాసులన్నీ పళ్లెంలో పెట్టుకుని కళ్లంలోకి వెళ్లాను. జోగమ్మ నా చిన్నప్పటి నుంచి మా చేలోకి కోతకు వస్తున్న మనిషి. గ్లాసు చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

"కాగితందే ఇయ్యి బాబూ. గదే మంచిగుంటది."

"లోపలికి రండి. అరుగు మీద కూర్చుని తాగుదాం అందరం."

ఆమె మా ఇంటి గుమ్మం వైపు చూసింది.

"నువ్వు రమ్మంటే వస్తం బాబూ. రేపు నువ్వు పోయినంక మీ అమ్మ మమ్మల్ని యాడ కూసోమంటది?"

గ్లాసు ఇంకా చాపే ఉంచాను. ఏడాదిపాటు చెక్‌పోస్టులో జనాన్ని ఆపిన గొంతుతో "తీసుకో" అన్నాను. తీసుకుంది. నాకు వీపు పెట్టి, గొంతుక్కూర్చుని తాగింది. బాగుందని మాత్రం అంది. బోరు తొట్టి దగ్గర గ్లాసు తనే కడిగి, గట్టు మీద బోర్లించి, కాయ కోయడానికి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ అలాగే చేశారు.

అందరూ వెళ్లాక అమ్మ వచ్చింది. మా అమ్మ మంచి మనిషి. జోగమ్మ కూతురి కాన్పుకు తనే దవాఖానాకు వెంట వెళ్లింది. గట్టు మీది గ్లాసులు ఒక్కొక్కటే తీసి, గుప్పెడు బూడిద పోసి, మళ్లీ తోమింది. కోపం లేదు, విసుగు లేదు. ఏదో కూనిరాగం తీస్తోంది. నేను ఖాళీ పళ్లెంతో పక్కనే ఉన్నాను. తోమిన గ్లాసులు తెచ్చి నా పళ్లెంలోనే పెట్టింది, లోపలికి తీసుకెళ్లమని.