పది ముళ్ల పరీక్ష

డాక్టరుగారి జేబు గడియారాన్ని నేను ఆ రోజు అడిగి తెచ్చుకోకపోతే మా మల్లయ్య మామకు ఎనిమిది రోజుల సెలవు దొరికేదేమో. తెచ్చుకున్నాను. ఆ సెలవు ఎవరికి దక్కిందో వింటే మీరు నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. షోలాపూర్ భవాని పేటలో ఆ డాక్టరుగారి దగ్గర నేను కొత్త కాంపౌండరుని. సీసాలు కడగడం తప్ప ఏమీ రాకపోయినా సగం డాక్టరునని నా నమ్మకం. మామ ఒక కార్ఖానాలో మగ్గం నేసేవాడు. మూడు నెలలుగా మనిషికి తిండి లేదు, మాట లేదు, చేతులు సాగడం లేదు. కార్ఖానా యజమాని అతణ్ని పనిదొంగ అనేవాడు. మనసు కుంగితే వేళ్లు కూడా నెమ్మదిస్తాయని డాక్టరుగారు ఎవరితోనో అంటుండగా విన్నాను. ఇంకేం, గడియారంతో కార్ఖానాకు బయలుదేరాను.

"మాలక్, మామది కామ్‌చోరీ కాదు, మనసు బీమారి. తేలితే ఎనిమిది దినాలు సుట్టి ఇస్తరా?"

"ఇస్త. ఎట్ల తేలుస్తవ్?"

"తెగిన పోగులకు పది ముళ్లు వెయ్యాలె. మంచిగున్నోళ్లు జల్ది వేస్తరు, మనసు బాగలేనోళ్లకు ఆలస్యమైతది."

"మంచిగున్నోడంటే ఎవడు?"

చుట్టూ ఇరవై మంది నేతగాళ్లున్నారు. ఎవరిని చూపినా సరిపోయేది. కానీ నాకు యజమానిని మంచి చేసుకోవాలనే బుద్ధి పుట్టింది.

"మీకన్న మంచిగున్నోళ్లు భవాని పేట్ల ఎవరున్నరు మాలక్?"

ఆయన పొంగిపోయి, ఉంగరాల చేతులతో పోగులు అందుకున్నాడు.

బాగున్న రోజుల్లో మామకు పది ముళ్లంటే చిటికెలో పని. ఆ రోజు పాపం ముడి ముడికీ ఆగి, నిట్టూర్చి, రెండు నిమిషాలకు పూర్తి చేశాడు. అప్పటికి యజమాని రెండో ముడిలో ఉన్నాడు. అది కూడా తన ఉంగరానికే కట్టుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే మర్నాడు మగ్గం ఉండదు.

"అయితే పోరగా, బీమారి నాకా?" అన్నాడు యజమాని.

పక్కనున్న నేతగాణ్ని పిలిచి మళ్లీ కొలిస్తే సరిపోయేది. కానీ అప్పుడు నా పరీక్ష తప్పని ఒప్పుకోవాలి కదా.

"గడియారం అట్లనే చెప్తున్నది మాలక్" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "నిజమేరా. కొన్ని దినాల సంది నాకు గూడ ఏం మంచిగనిపిస్తలేదు."

మర్నాడే నెల రోజుల ఆరాం కోసం మహాబళేశ్వరం వెళ్లిపోయాడు. మల్లయ్య ఒంట్లో ఏ లోటూ లేదని తేలింది కాబట్టి అతనికి సుట్టి ఇవ్వొద్దని మేస్త్రీకి చెప్పి మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రం మామ మూడు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "అల్లుడా, నేను గూడ మాలక్ లెక్క రెండు ముళ్లేసి ఊకుంటే సుట్టి నాకే దొరుకుతుండె గాదు?"

అప్పుడే ధర్మామీటరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: పని చేసేవాడి జబ్బును పని ఎరగనివాడి పక్కన పెట్టి ఈ జన్మలో కొలవను.